గుడితో పాటు చెరువునూ దర్శించండి: ములుగు సీమ యాత్ర

వరంగల్లు మీదుగా రామప్ప గుడికి వెళ్ళే భక్తులలో పలువురు రామలింగేశ్వరస్వామిని సేవించి, శిల్పాలను తిలకించి, గంటసేపటిలో తిరుగుముఖం పడుతుంటారు. ఆలయానికి సమీపంలోనే ఉన్న చెరువు కట్టను ఎక్కేవారు తక్కువ. అందువలన ఆ ఆలయదాత లోకానికి ఇచ్చిన దానిలో సగమే వారి కంట పడుతున్నది.

ఆ దాత కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. ములుగు జిల్లా పాలంపేటలోని ఈ ఆలయంలో ప్రతిష్ఠ శక సంవత్సరం 1135లో, అనగా క్రీ.శ. 1213లో జరిగినట్లు ప్రాంగణంలోని శాసనం తెలుపుతున్నది. గుడి కట్టించిన చేతులే చెరువును కూడా త్రవ్వించినవి. తటాకం, దేవాలయం రెండూ సప్తసంతానాలలోనివే కదా! ఊరు, గుడి, చెరువు అనే మూటినీ ఒక్కటిగా నిలపడం కాకతీయుల పద్ధతి. చెరువు నిండితే పొలం పండుతుంది. పొలం పండితే స్వామికి నైవేద్యం, ఆలయ సేవకులకు జీవనం సాగుతాయి. దాతలైన మన పాఠకులు కట్టపై కొంతసేపు నిలిచి, కాలువ క్రింది పచ్చని వరిమళ్ళను చూస్తే ఈ ఏర్పాటు తామే గ్రహింపగలరు. ఎనిమిది వందల ఏండ్ల నాటి ఆ నీరు నేటికీ పైరును తడుపుతున్నది.

ఆలయ నిర్మాణం కూడా తీరికగా చూడదగినది. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై బరువును నిలిపారు. గోడలు ఎర్రని ఇసుకరాతివి; నునుపైన స్తంభాలు, చూరు క్రింది మదనికలు నల్లరాతివి. శిఖరానికి వాడిన ఇటుకలు నీటికన్న తేలికైనవి కనుక నీటిపై తేలుతాయి. పై బరువు తగ్గించడమే అందులోని యుక్తి. ఇక్కడి నాట్యభంగిమలు నటరాజ రామకృష్ణగారి పేరిణి పునరుద్ధరణకు ప్రేరణ ఇచ్చాయి. 2021 జూలైలో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది.

ఒక విన్నపం. గర్భాలయ ద్వారం వద్ద పొన్నచెట్టు, కృష్ణుడు ఉన్న శిల్పాన్ని తట్టితే స్వరాలు పలుకుతాయని తట్టి చూచే అలవాటు ఉన్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క దెబ్బ వేస్తే ఏ రాయి మాత్రం ఎంతకాలం ఓర్చుకుంటుంది? ఇటుక ముక్క తేలుతుందో లేదో పరీక్షించాలన్న కోరికను కూడా దయచేసి మానుకోండి.

ఒక రోజు అదనంగా ఉన్నవారు ములుగు నుండి ఏటూరునాగారం వైపు సాగవచ్చును. గోవిందరావుపేట మండలంలో కొండల నడుమ లక్నవరం చెరువు ఉన్నది. ఇదీ కాకతీయుల నాటిదే. వ్రేలాడు వంతెన మీదుగా దానిలోని దీవికి చేరవచ్చును. ఆపై తాడ్వాయి అడవి మొదలవుతుంది. అక్కడి దామరవాయి గుట్టపై పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులు ఉన్నవి. స్థానికులు వానిని రాక్షస గుళ్ళు అంటారు. దారి చూపుటకు ఊరివారిని వెంట తీసుకొనుట మంచిది.

మేడారం పేరు వినని వారు ఉండరు. రెండేండ్లకొకమారు మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మల జాతరకు జనం పోటెత్తుతారు. విగ్రహం లేని ఆ గద్దెలకు బెల్లమే బంగారం. జాతర లేని దినాలలో వెళితే దర్శనం నెమ్మదిగా లభిస్తుంది. అక్కడి గిరిజన మ్యూజియంలో కోయల జీవనాన్ని తెలుసుకొనే తీరికా చిక్కుతుంది. జాతర రద్దీలో ఆ తలుపు వైపు చూచేవారెవరు?

గోదావరి వంతెన దాటి వాజేడు మండలం చేరితే బొగత జలపాతం. వానకాలంలోనే దాని నిండుదనం, ప్రమాదమూ అప్పుడే. నీటిలో దిగక, దూరం నుండి చూచి రావలెను. అడవి దారిలో ప్రయాణం గనుక చీకటి పడకముందే ములుగు చేరేటట్లు బయలుదేరండి.