ఒకరు మొదలిడిన కథను మఱియొకరు వ్రాయుట

మన విద్యార్థులలో పెక్కుమంది ఎక్స్-మెన్ అను వీరుల చలనచిత్రములను చూచియుందురు. 2000 సంవత్సరమున వెండితెర నెక్కుటకు ముందు ఆ వీరులు ముప్పదియేడేండ్లు బొమ్మల కథల పుస్తకములలో జీవించిరి. వారిని మొదట కల్పించినవారు వేఱు. వారికి లోకప్రసిద్ధి కలుగునట్లు చేసినవాడు వేఱు. ఈ రెండవవాని పేరు క్రిస్ క్లేర్‌మాంట్. ఇతరులు కట్టి, పాడుపెట్టి విడిచిన యింటిలో అతడు పదునాఱేండ్లు కాపురము చేసిన విధము తెలిసికొనదగినది గావున దానిని ఇచ్చట వివరింపబూనితిమి.

ముందుగా అమెరికా దేశపు కామిక్ పత్రికల పద్ధతిని చెప్పవలెను. నవల వ్రాయువాడు తన కథకు తానే యజమానుడు; అతడు కలము క్రింద పెట్టిన కథయు నిలిచిపోవును. సూపర్ హీరో పత్రికలలో అట్లు కాదు. అచ్చట వీరుడు ప్రచురణ సంస్థ సొత్తు. రచయిత జీతమునకో కూలికో కొంతకాలము వ్రాసి వెడలిపోవును. వీరుడు మాత్రము వచ్చు నెల సంచికలో మఱల కనబడవలెను. మన వాఙ్మయములో నన్నయ అరణ్యపర్వమున ఆపిన భారతమును తిక్కన విరాటపర్వమునుండి సాగించుటయు, నడుమ మిగిలిన భాగమును ఎఱ్ఱన పూరించుటయు బాలురందఱును ఎఱిగినదే. ఐనను ఆ మహాకవులకు కథ ఎచ్చట ముగియునో వ్యాసుడు ముందే చెప్పియుంచెను. అమెరికా రచయితకు అట్టి ఆధారము లేదు. అతనికి అప్పగింపబడిన కథ ఎన్నటికిని ముగియరాదు. ఇదియే అతని పనిలోని చిక్కు.

ఎక్స్-మెన్ పత్రిక 1963లో మార్వెల్ సంస్థవారిచే ప్రారంభింపబడెను. స్టాన్ లీ రచయిత, జాక్ కర్బీ చిత్రకారుడు. కొందఱు పిల్లలు పుట్టుకతోనే వింతశక్తులు గలవారై జన్మింతురనియు, లోకులు వారిని చూచి భయపడి ద్వేషింతురనియు, జేవియర్ అను ఆచార్యుడు న్యూయార్కు రాష్ట్రములో ఒక బడి పెట్టి వారికి ఆశ్రయమిచ్చుననియు అందలి కథ. అనగా ఈ వీరులు మొట్టమొదట బడిపిల్లలు! కల్పన చక్కనిదే కాని పత్రికకు తగినంత ఆదరణము దొరకలేదు. 1970లో క్రొత్త కథలు నిలిచిపోయెను. పిమ్మట ఐదేండ్లు పాత కథలనే మఱల మఱల అచ్చువేసి అమ్ముచుండిరి.

1975లో లెన్ వీన్ అను రచయితయు, డేవ్ కాక్రమ్ అను చిత్రకారుడును ఒక ప్రత్యేక సంచికలో ఆ బడికి క్రొత్త విద్యార్థులను తెచ్చిరి. మొదటి యైదుగురును అమెరికావారే కాగా, ఈసారి కెన్యా, జర్మనీ, రష్యా, కెనడా, జపాను మొదలగు దేశములవారు చేరిరి. సంపాదకత్వ భారము చేత వీన్ ఆ పత్రికను సాగింపజాలక విడువగా, అదే కార్యాలయమున పనిచేయుచున్న క్లేర్‌మాంట్ 94వ సంచికనుండి కలము పట్టెను. అప్పటికి అతనికి ఇరువది నాలుగేండ్లు. పత్రిక రెండు నెలలకొకసారి వెలువడుచుండెను. బాగుగా అమ్ముడుపోవు పత్రిక యైనచో అంత చిన్నవాని చేతికి వచ్చెడిదో లేదో సందేహమే.

రచయిత యనగా కూర్చుండి కథయంతయు తానే వ్రాయునని తలపరాదు. అప్పటి మార్వెల్ కార్యాలయమున ఆచారము వేఱు. రచయిత మొదట కథాసంగ్రహమును మాత్రము తెల్పును, కొన్నిసారులు నోటిమాటగానే. చిత్రకారుడు దానిని పుటలుగా విభజించి బొమ్మలు గీయును. ఆ బొమ్మలు చూచి రచయిత సంభాషణలను పూరించును. తరువాత అక్షరములు దిద్దువాడొకడు, మసిపూయువాడొకడు, రంగులు వేయువాడొకడు. కావున ఏది రచయిత తలపో, ఏది చిత్రకారుని తలపో వేఱుచేయుట తఱచుగా అసాధ్యము. 1977నుండి కొన్నియేండ్లు క్లేర్‌మాంట్‌తో కూడి పనిచేసిన జాన్ బర్న్ కెనడాలో పెరిగినవాడగుటచే, కెనడా వీరుడైన వుల్వరిన్‌పై మక్కువ చూపెను. ఆ వీరుడు నేడు బాలురందఱకు పరిచితుడగుటలో బర్న్ పాలు తక్కువది కాదు.

ఇక వారసత్వముగా వచ్చిన పాత్రలను క్లేర్‌మాంట్ ఏమి చేసెనో చూతము. ఉన్నదానిని కొట్టివేయక, అందు చెప్పక విడిచినదానిని వెదకుట అతని మార్గము. స్టార్మ్ అను స్త్రీ గాలివానలను ఆజ్ఞాపింపగలదనియు, కెన్యాలో జనులు ఆమెను దేవతగా కొలుతురనియు వీన్, కాక్రమ్‌లు కల్పించిరి. అంతటి శక్తిగల యామెకు ఇఱుకుచోట్లనిన ప్రాణభయమని క్లేర్‌మాంట్ చేర్చెను. పసితనమున కైరో నగరమందు ఇల్లు కూలి తల్లిదండ్రులు మరణింపగా, ఆ శిథిలముల క్రింద ఆమె చిక్కుకొనియుండెనని 1976లో ఒక సంచికలో కారణము చూపెను. పాత కథలో ఒక్క అక్షరమైనను మారలేదు. దేవత మాత్రము మనిషి యయ్యెను. వుల్వరిన్ చేతుల ఇనుపగోళ్లు చేతితొడుగులలోనివని వీన్ తలంచియుండెనట. అవి అతని శరీరములోనివే యని 98వ సంచికలో బయల్పడెను. గోళ్లు వెలువడునప్పుడెల్ల తన చర్మమునే చీల్చుకొను వీరుని బాధ యెట్టిదో చదువరులే ఊహించుకొనవచ్చును.

అన్నిటికంటె గొప్పమార్పు మాగ్నెటో అను శత్రువు విషయమున జరిగెను. 1963లో అతడు లోకమును జయింపగోరు సామాన్యపు దుష్టుడు. నాటకములలో మీసము మెలివేయుచు ప్రవేశించు రాక్షసునివంటివాడు. 1981లో 150వ సంచికయందు క్లేర్‌మాంట్ అతని బాల్యమును వెల్లడించెను. అతడు హిట్లరు కాలమున ఆష్విట్స్ మృత్యుశిబిరమున ఉండి బ్రదికి బయటపడినవాడు. పుట్టుకను బట్టి మనుష్యులను చంపిన వారిని కన్నులార చూచినవాడు తన జాతివారికి మఱల అదే గతి పట్టునని భయపడి కత్తి దూసినచో, అది తప్పే యైనను అర్థమగు తప్పు. నాటినుండి జేవియరునకును మాగ్నెటోకును జరుగు కలహము మంచిచెడ్డల కుస్తీ గాక, ఒకే దుఃఖమునకు ఇద్దఱు చెప్పుకొనిన రెండు సమాధానములయ్యెను. పదునెనిమిదేండ్ల క్రిందట ఇతరులు కల్పించిన పాత్రలో ఇంతటి సందు కలదని కనిపెట్టుటయే మా యుద్దేశములో అతని పనిలోని అత్యుత్తమ భాగము.

జీన్ గ్రే కథ వేఱు. 1963 నాటి అయిదుగురు విద్యార్థులలో ఆడుపిల్ల ఆమె యొక్కతయే. వస్తువులను తాకకయే మనశ్శక్తిచే కదల్చునది. 1976లో ఆమెకు ఫీనిక్స్ అను మహాశక్తి లభించినట్లు క్లేర్‌మాంట్ వ్రాసెను. 1980లో ఆ శక్తి మితిమీఱి, మతి తప్పి, ఒక నక్షత్రమునే మ్రింగెను. దాని వెలుగుతో బ్రదుకు లోకమందలి 500 కోట్ల ప్రాణులు నశించెను. జీన్ శక్తులను హరించి ప్రాణములతో విడుచునట్లు క్లేర్‌మాంట్, బర్న్‌లు ముగింపు సిద్ధపఱచి బొమ్మలును గీసిరి. అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ దానిని చూచి అంగీకరింపలేదు. అంతమందిని చంపినవారికి తగిన శిక్ష లేక కథ ముగియరాదని అతని వాదము. చివరకు పుటలు తిరిగి గీయబడెను. 137వ సంచికలో జీన్ తన శక్తి మఱల విజృంభించునని వెఱచి చంద్రమండలముపై ప్రాణత్యాగము చేసెను.

ఎవరి పక్షము న్యాయమో మేము చాలకాలము తర్కించుకొంటిమి. సంపాదకుని బలవంతము వలననే ఆ కథకు అంతటి గాంభీర్యము కలిగెనని మా నిశ్చయము. మొదటి ముగింపు కూడ 1984లో వేఱుగా అచ్చయినది గనుక రెండింటిని పోల్చిచూడవచ్చును.

రచయిత ఒప్పుకొనిన ఆ మరణమైనను నిలిచెనా? జీన్ భర్తగా కాదగిన స్కాట్ అను వీరునికి క్లేర్‌మాంట్ 1983లో వేఱొక స్త్రీతో వివాహము చేసి, అతనిని సంసారిగా విడిచిపెట్టదలచెను. 1986లో మార్వెల్‌వారు మొదటి అయిదుగురితో మఱియొక పత్రిక పెట్టగోరిరి. అందుకై, మరణించినది నిజమైన జీన్ కాదనియు, ఆ శక్తి ఆమె రూపు దాల్చెననియు, అసలు జీన్ నీటియడుగున నిద్రించుచుండెననియు ఇతరులు కథ కల్పించిరి. స్కాట్ భార్యను, పసిబిడ్డను విడిచి వెడలిపోయెను. క్లేర్‌మాంట్‌కు ఇది ఇష్టము కాదు. కాని లీ, కర్బీల పాత్రలను మార్చు హక్కు అతనికి ఏ సంస్థ ఇచ్చెనో, అతని కథను మార్చు హక్కును ఇతరులకు ఆ సంస్థయే ఇచ్చెను.

అతని రచనలో లోపములు లేకపోలేదు. బొమ్మలో కన్నులకు కనబడుచున్నదానినే మాటలలో మఱల చెప్పును. కథాసూత్రములను పెక్కింటిని ఎత్తి, కొన్నిటిని ఏండ్ల తరబడి ముడివేయక విడుచును. కడపటి యేండ్ల సంచికలు చదువుట మాకే శ్రమగా తోచినది. ఐనను పదునాఱేండ్లలో ఆ పత్రిక అమెరికాలో మిక్కిలి యమ్ముడుపోవు పత్రికలలో ఒకటి యయ్యెను. 1991లో ఎక్స్-మెన్ పేరున క్రొత్తగా ఆరంభించిన పత్రిక మొదటి సంచిక 80 లక్షలకు మించి అమ్ముడుపోయెను. ఐదు విధముల అట్టలతో వెలువడినందున ఒక్కొక్కడే పెక్కు ప్రతులు కొనెను గాన, ఆ లెక్క చదువరుల సంఖ్య కాదు. సంపాదకునితోను చిత్రకారునితోను కథావిషయమున అభిప్రాయభేదములు కలుగగా, క్లేర్‌మాంట్ ఆ పత్రిక మూడవ సంచికతోనే విరమించుకొనెను.

2000లో అతనిని మఱల పిలిచిరి. ఈసారి అతడు చేపట్టినది తొమ్మిదేండ్లపాటు ఇతరులు మార్చిన కథ; తాను పేర్లు పెట్టి పెంచిన పాత్రలకు తాను వ్రాయని గతము ఏర్పడియుండెను. ఏడాది తిరుగకమునుపే ఆ ప్రధాన పత్రికలు అతని చేయి దాటెను. 2001లో ఒకటి గ్రాంట్ మారిసన్ అను రచయితకు అప్పగింపబడెను. అతడును జీన్ గ్రేను తీసికొని, ఫీనిక్స్‌ను మఱల మేల్కొల్పి, 2004లో ఆమెను ఇంకొకసారి చంపెను.