ఓడలో విహారం, ఒడ్డు వైపు ఖిబ్లా

2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ నౌక విశాఖ నుంచి చెన్నై వైపు విహారయాత్రలు మొదలుపెట్టాక, భార్యాబిడ్డలతో నాలుగు రోజులు సముద్రం మీద గడపాలన్న కోరిక మన ఇళ్లలోనూ పుట్టింది. తప్పేమీ లేదు. సముద్రాన్ని, దానిపై సాగే ఓడల్ని దైవసూచనలుగా చూడమని దివ్యఖుర్‌ఆన్ పలుచోట్ల చెబుతోంది.

అయితే సెలవు మనకే గాని నమాజుకు కాదు. విహారమైనా ప్రయాణమే కనుక జుహర్, అసర్, ఇషాలలో నాలుగు రకాతుల ఫర్జ్ రెండవుతుంది. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. ప్రయాణికుడికి జుమా విధి కాదు, జుహర్ చదువుకోవాలి.

చిక్కంతా ఖిబ్లాతోనే. విశాఖ నుంచి దక్షిణానికి సాగేటప్పుడు మక్కా మన కుడివైపు, తిరుగుప్రయాణంలో ఎడమవైపు. అంటే రెండుసార్లూ ఒడ్డు వైపే! నమాజ్ మధ్యలో ఓడ మలుపు తిరిగితే, హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మనమూ ఖిబ్లా వైపు తిరగాలి. ఊపుకు నిలబడలేకపోతే కూర్చుని చదవవచ్చు. దిక్సూచి పిల్లల చేతికిస్తే వారికి అదో ఆట.

ఇలాంటి ఓడల్లో బార్లు, జూదశాలలు ఉంటాయి. 2022లో పుదుచ్చేరిలో అభ్యంతరాలు వచ్చింది జూదశాల గురించే. పిల్లలతో అటు నడవాల్సివస్తే, వాళ్లడిగే ప్రశ్నకు ఏం చెబుతామో ముందే అనుకోవాలి. మాంసం హలాలేనా అన్నది టికెట్ కొనకముందే కనుక్కోవాలి. ఎక్కాక అడిగితే నాలుగు రోజులూ పప్పు, పెరుగే!