చాంతిసిరికి రాజు ఏమవుతాడు?

విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కితే నాగార్జునకొండ మ్యూజియం చేరతాం. జలాశయంలో మునిగిన ఆ లోయలోనే క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అక్కడి మహాచైత్యాన్ని నిలబెట్టిన చాంతిసిరి, చాంతమూల మహారాజుకు తోడబుట్టింది. ఆయన కొడుకు వీరపురుషదత్తుడు ఆమెకు మేనల్లుడు కావాలి కదా! అతని 18వ పాలనా సంవత్సరపు ప్రాకృత శాసనంలో మాత్రం తన ‘జామాత’ అని వేయించింది. అంటే కూతుర్నిచ్చిందన్నమాట. ఇంకో మేనత్త హమ్మసిరి కూతుళ్ళు బాపిసిరి, ఛఠిసిరి కూడా ఆ రాజు భార్యలే.

తెలుగువాళ్ళకి ఇందులో చిక్కేమీ లేదు. రెండు వరసలకీ మనది ఒకే మాట: అల్లుడు.

మన వరసల కీలకం ఇక్కడే ఉంది. తండ్రి అన్నదమ్ములు తండ్రి వరస, పెద్దనాన్న, చిన్నాన్న. వాళ్ళ పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. తల్లి అక్కచెల్లెళ్ళ పిల్లలూ అంతే. కానీ తండ్రి తోబుట్టువు అత్త, తల్లి తోడబుట్టినవాడు మామ. వాళ్ళ పిల్లలు బావ, వదిన, మరదలు, మరిది లేదా బావమరిది. పిల్లనిచ్చినవాళ్ళూ అత్తామామలే కాబట్టి, పెళ్ళి కాకముందే పెళ్ళి వరస మాటలో కూర్చుని ఉంటుంది. అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ 1871లో అచ్చయిన తన గ్రంథంలో తమిళ, తెలుగు వరసల్ని పట్టికలు కట్టాడు. పినతండ్రిని తండ్రిగా లెక్కించే పద్ధతి తమ దేశపు ఇరొక్వా తెగల్లోనూ ఉందని గమనించి తెగ సంబరపడ్డాడు.

వ్యాకరణానికీ ఈ మాటలంటే ప్రత్యేకమైన మమకారం. ఒక్కగానొక్క బిడ్డయినా ‘మా అమ్మ’ అంటుంది తప్ప ‘నా అమ్మ’ అనదు. ఎదుటివాడూ చుట్టమే అయితే ‘మన తాతయ్య’. వదిన ‘వచ్చింది’, బావ ‘వచ్చాడు’. ఇద్దరూ కలిసొస్తే ‘వచ్చారు’. గౌరవమిస్తే ఒక్కరికీ అదే. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు, అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు; ‘త’ కాస్తా ‘ద’ అయింది. గసడదవాదేశమంటూ బడిలో బట్టీ పట్టించేది దీన్నే. అత్తామామల జోలికి ఆ సూత్రం రాదు, ‘మ’ పరుషం కాదు గనుక.

ఊరు మారితే పిలుపు మారుతుంది. కోస్తాలో బాబాయి, తెలంగాణలో కాక, చిన్నాయన. కోస్తాలో నాయనమ్మ, రాయలసీమలో జేజి. మాట మారినా వరస మారదు.

ఇప్పుడు ‘కజిన్’ వచ్చి అందరినీ ఒకే గాటన కట్టేసింది. ‘మా కజిన్’ అంటే అన్నో బావో తెలియదు. మేనరికాలు తగ్గాయి, తగ్గడమూ మంచిదే. అయినా సంబంధం మాట ఎత్తగానే పెద్దవాళ్ళు ముందు అడిగేది మాత్రం ‘ఏ వరస?’ అనే.