టోపీ తీస్తే మర్యాదా? పెట్టుకుంటే మర్యాదా?

ఈ ఎపిసోడ్ టాపిక్ టోపీలు. నవ్వకండి, మ్యాటర్ సీరియస్సే. 1670లో లండన్‌లో ఇద్దరు మనుషులకి టోపీ తీయనందుకు కోర్టు జరిమానా వేసింది. అదే టైమ్‌లో మన గోల్కొండ దర్బారులో ఎవరైనా తలపాగా తీసి నిలబడితే అది పరువు తక్కువ పని. ఒకే శతాబ్దం, కానీ రూల్ పూర్తిగా రివర్స్. ఎందుకో చూద్దాం.

ముందు యూరప్ సంగతి. 17వ శతాబ్దం మొదట్లో అక్కడి మగవాళ్ల టోపీ పొడుగ్గా, గంపను బోర్లించినట్టు ఉండేది. 1620ల నుంచి అంచులు వెడల్పయ్యాయి, పక్కన పెద్ద ఈక వచ్చింది. సినిమాల్లో కత్తియుద్ధం చేసే మస్కెటీర్లని చూశారు కదా, ఆ మోడల్. శతాబ్దం చివరికి అంచులు పైకి మడిచి మూడు మూలల టోపీ చేశారు.

ఖరీదైన టోపీ అంటే బీవర్ టోపీ. బీవర్ అంటే వాగుల మీద కట్టెలతో ఆనకట్టలు కట్టుకునే జంతువు. దాని లోపలి బొచ్చుకి కంటికి కనిపించనంత సన్నటి కొక్కేలు ఉంటాయి. తడి, వేడి తగిలించి ఒత్తితే ఒకదాన్నొకటి పట్టుకుని, నేయకుండానే దళసరి గుడ్డ అవుతుంది. వానలో తడిసినా షేప్ పోదు. యూరప్‌లో బీవర్లని వేటాడి దాదాపు ఖాళీ చేశారు. అప్పుడు ఉత్తర అమెరికా మీద పడ్డారు. 1670లోనే హడ్సన్స్ బే కంపెనీకి ఇంగ్లండ్ రాజు చార్టర్ ఇచ్చాడు. ఆ కంపెనీ మెయిన్ బిజినెస్ ఈ బొచ్చే. ఒక ఫ్యాషన్ కోసం ఒక ఖండమే మార్కెట్ అయిపోయింది.

ఇప్పుడు లండన్ కేసు. విలియం పెన్, విలియం మీడ్ అని ఇద్దరు క్వేకర్లు. దేవుడి ముందు తప్ప మనిషి ముందు టోపీ తీయం అనేది క్వేకర్ల నియమం. అక్కడి మర్యాద ఏంటంటే, చిన్నవాడు పెద్దవాడి ముందు టోపీ తీయాలి, పెద్దవాడు పెట్టుకునే ఉండొచ్చు. అంటే టోపీ తలమీద ఉందా, చేతిలో ఉందా అన్నదాన్ని బట్టి మీ స్థాయి తెలుస్తుంది. వీళ్లు కోర్టులోకి వచ్చినప్పుడు తలల మీద టోపీలు లేవు. జడ్జిలే వాళ్లకి టోపీలు పెట్టించి, తర్వాత "ఎందుకు తీయలేదు" అని ఒక్కొక్కరికి 40 మార్కులు జరిమానా వేశారు. పరీక్ష మార్కులు కాదండి, ఒక మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు. మనం మోసపోతే "టోపీ పెట్టారు" అంటాం కదా, వీళ్లకి నిజంగానే పెట్టారు.

ఇక మన దగ్గరికి వద్దాం. గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు, మెయిన్‌గా బట్టల కోసం. ఆ కాలపు కోరమాండల్ కలంకారీ తెర ఒకటి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. దాని మీద తలపాగాల వాళ్లతో పాటు టోపీల తెల్లవాళ్లు కూడా ఉన్నారు. మనోళ్లకి వాళ్లలో ముందు కనిపించింది ఆ టోపీయే. అందుకే పారసీ రాతల్లో వాళ్ల పేరు "కులాహ్ పోష్", అంటే టోపీ తొడుక్కున్నవాళ్లు. మరాఠీలో "టోపీకర్".

ఇక్కడ ఒక ట్విస్ట్. ఈ "కులాహ్" అనే మాట మనకి అంతకుముందే తెలుసు. అదే మన "కుల్లాయి". తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం తలమీద పొడుగాటి టోపీ ఉంటుంది చూడండి, అదే కుల్లాయి. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో కూడా మగవాళ్లు అవే పెట్టుకున్నారు. సుల్తానుల దర్బారుల నుంచి వచ్చిన ఫ్యాషన్‌ని రాయలు దర్జాగా పెట్టుకున్నాడు. అందుకని ఆయన గౌరవం ఏమీ తగ్గలేదు.

మరి దర్బారు మర్యాద? మన దగ్గర తల కప్పుకోవాలి, చెప్పులు విడవాలి. తలపాగా తీసి ఎదుటివాడి కాళ్ల దగ్గర పెట్టడమంటే ఇక వేరే దారి లేక శరణు వేడటం. కాబట్టి తెల్లవాడు మర్యాదగా టోపీ తీస్తే, చూసేవాళ్లకి అది వింత. ఒకే ఇన్‌పుట్‌కి రెండు సిస్టమ్స్‌లో ఆపోజిట్ అవుట్‌పుట్ అన్నమాట. 1616లో జహంగీర్ దర్బారుకి వచ్చిన ఇంగ్లీషు రాయబారి థామస్ రో, మా దేశం పద్ధతిలోనే సలాం చేస్తానని ముందే పర్మిషన్ అడిగాడు.

అయితే మనది మంచి పద్ధతి, వాళ్లది తలతిక్క అనుకుంటే పొరపాటు. మన తెలంగాణ ఊళ్లల్లో ముసలోళ్లని అడగండి. దొర గడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకోవాలి, భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకోవాలి. లండన్ టోపీ రూలూ ఇదే కదా. తీయాల్సింది టోపీయా, తువ్వాలా, చెప్పులా అన్నది ఊరిని బట్టి మారుతుంది. తీయాల్సింది ఎవరు అన్నది మాత్రం మారదు, ఎప్పుడూ కింద ఉన్నవాడే.

మా గోదావరిఖనిలో నేను చిన్నప్పటి నుంచి చూసిన టోపీ వేరు. మా బాపు అండర్‌గ్రౌండ్‌ల పనిచేసిండు. ల్యాంప్ రూమ్‌లో లైటు తీసుకుని హెల్మెట్‌కి తగిలించుకుంటే గానీ గనిలోకి దిగరు. కోల్ ఫిల్లర్ అయినా, ఓవర్‌మన్ అయినా, మేనేజర్ అయినా అంతే. పైకప్పు నుంచి పెళ్ల ఊడితే అది హోదా చూసి పడదు. అందుకే కింద మేనేజర్ ఎదురొచ్చినా ఎవ్వరూ హెల్మెట్ తీసి నిలబడరు, తీయకూడదు కూడా. పెన్, మీడ్ కోర్టులో జరిమానా కట్టాల్సి వచ్చిన పని, మా దగ్గర ప్రతి షిఫ్టులో రూల్.

మీ ఊళ్లో తలగుడ్డ, కండువా, టోపీ మర్యాదలు ఎలా ఉండేవో ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఎవరు ఎవరి ముందు తీసేవాళ్లో కూడా అడగడం మర్చిపోకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.