కెరటం వెనక్కి వెళ్లాక

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. తులసికోటల దగ్గర దీపాలు వెలిగే రోజులు, చేలల్లో వరి కోతకొచ్చే రోజులు. ఆనాడు తుపానుతో కృష్ణా ముఖద్వారం దగ్గరి దివిసీమ మీదికి సముద్రమే లేచి వచ్చింది. తాటిచెట్టంత కెరటమని అక్కడివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ప్రభుత్వ లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు. సొర్లగొంది లాంటి తీరపల్లెల్లో ఏడ్చేందుకు కూడా మనిషి మిగలని ఇళ్లున్నాయి. దీపం పెట్టిన ఇల్లేది, పెట్టని ఇల్లేది అని ఆ నీళ్లు చూడలేదు. దేవుణ్ని నమ్మితే ఆపద దరిచేరదన్న లెక్క ఆ ఒక్క రాత్రితో కొట్టుకుపోయింది. పోవలసిన లెక్కే అది. మొక్కు చెల్లిస్తాను, కాపాడు అనడం బేరం. సరుకు అందకపోతే బేరం చెడుతుంది. బేరం చెడ్డాక కూడా మిగిలేదాన్నే నమ్మకం అనాలి.

అలా నమ్మేవాళ్లు భారమంతా పైవాడి మీద వేసి చేతులు ముడుచుకుంటారని కొందరి ఆక్షేపణ. దానికి జవాబు ఈ తీరంలోనే ఉంది. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షల మందిని ముందే ఇళ్లు ఖాళీ చేయించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. పిల్లల్ని చంకనేసుకుని తుపాను షెల్టర్‌కి నడిచిన తల్లి తన దేవుణ్ని ఇంట్లో వదిలేసి వెళ్లలేదు. హెచ్చరిక వినడం, దండం పెట్టుకోవడం ఆమెకు ఒకదానికొకటి అడ్డు కాలేదు.

ఇంతకంటే గట్టి ప్రశ్న బెజవాడ నుంచే వస్తుంది. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తెచ్చిన నాస్తిక కేంద్రం వాళ్లు కూడా ఉప్పెన తర్వాత దివిసీమలో పనిచేశారు. రామకృష్ణ మిషన్ వాళ్లూ పనిచేశారు. మరి సాటి మనిషిని ఆదుకోవడానికి దేవుడెందుకు? అక్కర్లేదు, ఒప్పుకోవాలి. అన్నం వండి పెట్టిన చేతిని నువ్వు ఎవర్ని నమ్ముతావని అడగడమే తప్పు. నమ్మకం అవసరం వేరే చోట ఉంది. సాయానికొచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, ఉప్పు పట్టిన పొలం గట్టున ఒంటరిగా కూర్చున్న మనిషికి ‘ఎందుకిలా చేశావ్?’ అని నిలదీసేందుకు ఒకరు కావాలి. గోల్కొండ చెరలో భద్రాచల రామదాసు చేసింది అదే. తాను చేయించిన నగలకు రాముణ్నే లెక్క అడిగాడు, దెప్పాడు, అంతలోనే మన్నించమని వేడుకున్నాడు. పన్నెండేళ్ల చెరలో కోపం ఉంది, ఏడుపు ఉంది. మాట మానేయడం మాత్రం లేదు. తెలుగువాళ్లు భక్తుడని పిలుచుకున్నది అలా దెబ్బలాడిన మనిషినే. దృఢమైన నమ్మకమంటే నోరెత్తకుండా సహించడమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

పసిపిల్లలు ఏం పాపం చేశారంటే నా దగ్గర జవాబు లేదు. పూర్వజన్మ కర్మ అని బిడ్డ శవం ముందు చెప్పడం క్రూరత్వం. అది భక్తి కాదు.

కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి మాఘ పౌర్ణమికి జనం ఇప్పటికీ తరలివస్తారు. వేణుగోపాలస్వామిని దర్శించుకుంటారు. సంగమం దగ్గర ఆడవాళ్లు చీర కొంగు బిగించి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి, పసుపు కుంకుమలు అలలకు వదులుతారు. ఆనాడు ఊళ్లను ముంచింది ఈ సముద్రమేనని వాళ్లకు తెలుసు. చంటిదాని చెయ్యి గట్టిగా పట్టుకునే మునకేస్తారు.