ఒక డేనిష్ స్మృతిగీతమున ఛందస్సు, ప్రాస, పునరుక్తి

డెన్మార్కు కవయిత్రి ఇంగర్ క్రిస్టెన్‌సెన్ (1935–2009) 1991లో ప్రకటించిన ‘సీతాకోకచిలుకల లోయ’ పదునైదు సానెట్టుల మాల. ఆమె దానికి ‘రెక్వియమ్’ అని, అనగా మృతుల శాంతికై పాడు ప్రార్థన యని, ఉపశీర్షిక నొసగినది. నేటి ఉత్తర మాసిడోనియాలోని బ్రాయ్‌చినో లోయలో మధ్యాహ్నపుటెండకు పైకెగయు రెక్కలు గతించినవారిని స్ఫురింపజేయును. డేనిష్ భాషలో సీతాకోకచిలుకను ‘వేసవి పక్షి’ యందురు. ఒక్క వేసవి వెలిగి పోవు ప్రాణికి ఇంత కఠినమైన పద్యబంధమేల?

తెలుగు పద్యము గురులఘువుల లెక్కతో నడచును. డేనిష్ పాదము ఊనిక పడిన అక్షరముల లెక్కతో నడచును. ఇందు పాదమున కైదు ఊనికలు. తేలిక అక్షరమును, ఊనిక అక్షరమును సాధారణముగా ఒకదాని వెంట నొకటి వచ్చును. మన ప్రాస పాదమునందలి రెండవ అక్షరము నాశ్రయించును, ఇందలిది అంత్యప్రాస. మొదటి సానెట్టులో తొలి ఎనిమిది పాదములు ఒకటి విడిచి యొకటి ప్రాస కలియును. తక్కిన ఆరును రెండు త్రిపాదులై యొండొంటితో అల్లుకొనును. ప్రాసకు లిపి కాదు, ధ్వనియే ప్రమాణము. ‘పక్షులు’ అను మాటకును ‘పసుపుపచ్చని’ అను మాటకును డేనిష్ వర్ణక్రమమున భేదమున్నను, ‘ఫూలె’, ‘గూలె’ అని చెవికి ఒకే అంత్యము వినబడును.

ప్రతి సానెట్టు చివరి పాదము తరువాతి దానికి మొదటి పాదమగును. పదునాల్గవదాని చివర మొట్టమొదటి పాదమే మరల వచ్చును. ఈ పదునాలుగు తొలి పాదములును వరుసగా కూడి పదునైదవ సానెట్టగును. మన ముక్తపదగ్రస్తమును, తమిళుల అంతాదిని ఎరిగినవారికి మొదటి నియమము క్రొత్త కాదు. కడపటిది దానిని మించినది. ఈ నియమము ననుసరించి 210 పాదములలో క్రొత్తవి 182 మాత్రమే.

ఇట్లు పదునాలుగు పాదములు మూడేసి మారులు వచ్చును. మాటలవే, ప్రాసకు తోడువచ్చు పాదములు వేరు. ఒకచోట భావమును ముగించినదే మరియొకచోట భావమునకు నాంది పలుకును. స్మృతియు నిట్టిదే. పోయినవారు అదే రూపమున, వేరొక సందర్భమున, మనసులోనికి తిరిగివత్తురు.

అయినను కవయిత్రి సులభమైన ఓదార్పు నీయలేదు. కావ్యాంతమున సీతాకోకచిలుక రెక్కనుండి మృత్యువే పాఠకుని చూచును. ఆ పాదమును పాఠకుడు పదుమూడవ సానెట్టు చివరను, పదునాల్గవదాని మొదటను అప్పటికే చదివియున్నాడు. రెండుమారులును దాని వెనుక వేరొక పాదము వచ్చినది. మూడవమారు రాదు.