వాట్ల లెక్క, వీనుల లెక్క

కార్తీక బ్రహ్మోత్సవాలప్పుడు తిరుచానూరులో స్తంభానికి కట్టిన గొట్టం మైకు నాలుగు వీధుల అవతలికి వినిపిస్తుంది. దాని వెనకుండే యూనిట్ మీద మామూలుగా ముప్ఫయ్యో యాభయ్యో వాట్లని రాసి ఉంటుంది. అదే వీధిలో ఏదో ఇంటి ముందుగదిలో ఊఫర్ సెట్టు మీద ‘5000 వాట్స్’ అని మెరిసే స్టిక్కరు కనబడుతుంది. తలుపు దగ్గరికేస్తే ఆ పాట గేటు దాటదు. వాట్లే శబ్దమైతే ఈ రెండూ తారుమారు కావాలి గదా! ఇంట్లో పాటలు వినడానికి రెండు చానెళ్ల స్టీరియో రిసీవరు (రేడియో కలిసిన ఆంప్లిఫయరు) కొనాలనుకునేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. అంగట్లో అడిగే తొలి ప్రశ్న కూడా ఇదే: ‘ఇది ఎన్ని వాట్సన్నా?’

అపోహ: వాట్లు ఎంత ఎక్కువైతే సెట్టు అంత మంచిది

స్టిక్కరు మీది ఐదు వేలు పీఎంపీఓ లెక్క. పీక్ మ్యూజిక్ పవర్ ఔట్‌పుట్ అనే ఈ కొలతకు అందరూ ఒప్పుకున్న నిర్వచనమంటూ లేదు. తయారీదారుకు ఏ అంకె ముద్దొస్తే అది అచ్చువేసుకుంటాడు. 1990ల్లో టేప్‌రికార్డర్ల అట్టపెట్టెల మీద వెలిగిన అంకెలన్నీ ఈ జాతివే. అమెరికాకూ ఒకప్పుడు ఈ జబ్బు తగిలింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నిబంధన తెచ్చి దానికి ముకుతాడు వేసింది. ఇంటి ఆంప్లిఫయరు వాట్లు ప్రకటించేటప్పుడు ఎన్ని ఓమ్‌ల స్పీకరుకు, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా, ఎంత డిస్టార్షన్‌తో అన్నది కూడా చెప్పి తీరాలని ఆదేశించింది.

నిజాయతీగల అంకె ఎలా ఉంటుందో చూడాలంటే యమహా ఆర్-ఎస్202 తీసుకోవచ్చు. తక్కువ ధర రిసీవర్లలో పేరున్న మోడల్ ఇది. 8 ఓమ్‌ల స్పీకర్లకు, 40 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 0.2 శాతం డిస్టార్షన్‌తో చానెలుకు 100 వాట్లు అని కంపెనీ చెబుతుంది. ఇందులో కూడా గమనించే కన్నుకు ఒక విషయం దొరుకుతుంది. లెక్క 20 హెర్ట్జ్ నుంచి కాక 40 నుంచి మొదలైంది. అంటే మరీ లోతైన బేస్ దగ్గర అదే హామీ ఇవ్వడం లేదన్నమాట. ఆ మాట దాచకుండా కాగితం మీద పెట్టారు, అది చాలు. షరతులేవీ లేకుండా వాట్లు మాత్రమే కేకేసే పెట్టెను అక్కడే వదిలెయ్యడం మేలు.

ఈమధ్య అరచేతిలో పట్టేంత క్లాస్-డి ఆంప్లిఫయర్లు ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతున్నాయి. చిన్నవని చిన్నచూపు అక్కర్లేదు, వాటిలో మంచివీ ఉన్నాయి. వాట్ల మాట తేల్చుకోవడానికి మాత్రం పెట్టె వైపు కాక అడాప్టరు వైపు చూడాలి. దాని మీద 24 వోల్టులు, 4.5 ఆంపియర్లు అని ఉంటే రెండూ గుణించాలి. 108 వాట్లు వస్తాయి. రెండు చానెళ్లూ పంచుకోవాల్సింది అంతే, అందులోనూ కొంత వేడిగా పోతుంది. అలాంటి అడాప్టరుతో వచ్చిన పెట్టె చానెలుకు 300 వాట్లు నిలకడగా ఇస్తానంటే నమ్మడానికి లేదు.

సరే, ఇంటికి నిజంగా ఎన్ని కావాలి? మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 85 నుంచి 88 డెసిబెల్స్ వస్తాయి. ఇద్దరు మాట్లాడుకునే మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. కాబట్టి పన్నెండడుగుల గదిలో రాత్రిపూట అన్నమయ్య కీర్తన వినేవాళ్లు వాడుతున్నది చాలాసార్లు ఒక వాటు కూడా కాదు. పైనున్న వాట్లు మృదంగం దెబ్బ, తవిల్ మోత హఠాత్తుగా ఎగసినప్పుడు పనికొచ్చే నిల్వ. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్సే. చెవికి రెండింతలు గట్టిగా తోచాలంటే పదింతల వాట్లు కావాలి. యాభై వాట్ల సెట్టుకూ వంద వాట్ల సెట్టుకూ మధ్య పదివేలు తేడా అడిగితే, ఆ పదివేలకు వచ్చేది ఆ మూడు డెసిబెల్స్ అని గుర్తుంచుకోవాలి.

గొట్టం మైకు రహస్యమూ ఇదే. ఒక్క వాటుకు అది వంద డెసిబెల్స్ దాటి పలుకుతుంది. 87 డెసిబెల్స్ స్పీకరుకూ 107 డెసిబెల్స్ గొట్టానికీ మధ్య ఉన్న ఇరవై డెసిబెల్స్ తేడాను వాట్లతో పూడ్చాలంటే వంద రెట్లు పొయ్యాలి. కాకపోతే గొట్టం ఆ గట్టిదనాన్ని ఊరికే సంపాదించలేదు. కింది స్వరాలను పూర్తిగా వదిలేసుకుంది. అందుకే మైకులో మృదంగం తొప్పి, అంటే బేస్ పలికే ఎడమ వైపు, వినబడదు, కుడి వైపు వలంతల మాత్రం టకటకమంటుంది. ఇంటికి స్పీకరు ఎంచుకునేవాళ్లు రిసీవరు వాట్లకన్నా ముందు స్పీకరు వెనక రాసిన సెన్సిటివిటీ అంకె, అంటే ఒక్క వాటుకు ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో, చూడాలి. అంగళ్లలో దాన్ని అడిగేవాళ్లే అరుదు.

అపోహ: ఖరీదైన ఆంప్లిఫయరుకే తీయని గొంతు ఉంటుంది

దీని మీద ఎన్నో ఇళ్లలో సాయంత్రాలు గడిచిపోయాయి. అమెరికాలో ‘స్టీరియో రివ్యూ’ పత్రిక 1987 జనవరి సంచికలో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించింది. సుమారు 220 డాలర్ల పయనీర్ రిసీవరు మొదలుకొని 12 వేల డాలర్ల వాల్వు ఆంప్లిఫయరు దాకా వరసగా పెట్టి, శబ్దం స్థాయి సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా శ్రోతలకు వినిపించారు. ఆడియో పిచ్చి ఉన్నవాళ్లూ, మామూలు శ్రోతలూ ఇద్దరూ ఉన్నారు. వాళ్ల జవాబులు బొమ్మా బొరుసా వేసినట్టే వచ్చాయి.

స్థాయి సమానం చెయ్యడం అన్నదే ఇక్కడ కీలకం. షోరూములో రెండు సెట్లు మార్చిమార్చి వినిపించేటప్పుడు ఒకటి పిసరంత గట్టిగా మోగినా చాలు, చెవికి అదే ‘స్పష్టంగా’, ‘నిండుగా’ తోస్తుంది. సేల్స్‌మన్‌కు ఇది తెలియక కాదు. తయారీ సరిగ్గా ఉన్న ఆంప్లిఫయర్లు, శక్తికి మించి లాగనంతవరకు, చాలావరకు ఒకేలా పలుకుతాయి. శక్తికి మించి లాగితే మాత్రం తరంగాల కొనలు తెగిపోతాయి, గొంతు బొంగురుపోతుంది, పై స్వరాలు పలికే చిన్న స్పీకరు కాలిపోయే ప్రమాదమూ ఉంది. తక్కువ వాట్ల సెట్టైతే స్పీకర్లకు భద్రమనే ఇంకో అపోహ కూడా ఇక్కడే కూలుతుంది.

కాబట్టి యాభై వేలు చేతిలో ఉంటే రిసీవరుకు ఇరవై వేలు దాటకుండా చూసుకుని, మిగిలింది స్పీకర్లకు పెట్టడం తెలివైన పని. గొంతు మారేది అక్కడ.

అపోహ: రెండు బాక్సులకన్నా ఐదు బాక్సులు నయం

సినిమాకు నిజమే. పాటకు కాదు. బ్రిటన్‌లో ఈఎంఐ ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931 డిసెంబరులో స్టీరియోకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. తెర మీద నటుడు ఒకవైపుంటే గొంతు ఇంకోవైపు నుంచి రావడం ఆయనకు చిరాకు తెప్పించిందంటారు. ఆ చిరాకులోంచి పుట్టిన ఉపాయం రెండే చానెళ్లతో శబ్దానికి చోటు కల్పించడం. ఆ ఈఎంఐ కుటుంబంలోదే ఒకప్పటి మన హెచ్‌ఎంవీ. 1963లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతుతో వేంకటేశ్వర సుప్రభాతాన్ని ఇళ్లకు చేర్చిన కంపెనీ.

ఘంటసాల సినిమా పాటల్లో అత్యధికం మోనో. తెలుగులో స్టీరియోఫోనిక్ శబ్దంతో 70 ఎంఎం సినిమా ‘సింహాసనం’ వచ్చేసరికే 1986. మోనో పాటను రెండు సమానమైన స్పీకర్లలో వింటే గొంతు ఆ రెండింటి నడుమ, ఏ బాక్సూ లేని చోట నిలబడి పాడినట్టుంటుంది. దాన్నే ఐదు బాక్సుల సెట్టులో ‘అన్ని చానెళ్లూ’ నొక్కి వింటే గొంతు గదంతా పారబోసినట్టవుతుంది. పైపెచ్చు ఒకే ధరకు ఐదు చానెళ్లు, రేడియో, వీడియో పనులు అన్నీ ఇరికించిన పెట్టెలో ఒక్కో చానెలుకు పెట్టిన ఖర్చు తక్కువే ఉంటుంది.

ఊఫర్ సంగతీ ఇంతే. పాడేది స్త్రీ గొంతైతే మృదంగం తొప్పి పలికేది వంద హెర్ట్జ్ దరిదాపుల్లో. అయిదంగుళాల కోను ఉన్న మామూలు స్పీకరు అరవై దాకా దిగగలదు. కచేరీ వినడానికి ప్రత్యేక ఊఫర్ తప్పనిసరి కాదు. ఇళయరాజా బేస్ గిటార్ కోసం కావాలంటే, అది వేరే మోజు, పెట్టుకోవచ్చు.

అపోహ: మంచి రిసీవరైతే ఏదైనా తగిలించుకోవచ్చు

డబ్బు నిజంగా నష్టపోయేది ఈ అపోహ వల్లే. తిరుపతి ఇళ్లలో బీరువా మీద ఇంకా భద్రంగా ఉన్న ఎల్పీలు తక్కువేం కాదు. టీటీడీ కోసం ఎమ్మెస్ పాడిన బాలాజీ పంచరత్నమాల వాటిలో తప్పక ఉంటుంది. రికార్డు ప్లేయరు ముల్లు నుంచి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. దానికి ఫోనో అనే ప్రత్యేకమైన ప్రవేశం కావాలి. యమహా ఆర్-ఎస్202లో ఫోనో లేదు. అదే కంపెనీ ఏ-ఎస్201లో ఉంది, కానీ అది రేడియో లేని ఆంప్లిఫయరు. సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్190లో ఫోనో, ఎఫ్ఎం రెండూ ఉన్నాయి. ముగ్గురూ ఒకే తరగతి వాళ్లు, తేడా అంతా వెనక ప్లగ్గుల్లో. వాట్ల గోల మాని సెట్టును వెనక్కి తిప్పి చూడమనేది అందుకే.

టీవీ కలుపుకోవాలనుకుంటే ఇంకో చిక్కు. కొత్త టీవీల్లో సన్నదనం కోసం స్పీకర్లను కిందికి తిప్పి పెడుతున్నారు, శబ్దం నేలకు వినిపిస్తుంది. వాటి వెనక చాలాసార్లు ఆప్టికల్ ప్లగ్గే ఉంటుంది. చవక రిసీవర్లలో ఆ ప్రవేశం లేకపోతే కొన్ని వందల రూపాయల కన్వర్టరు సరిపోతుంది. కన్వర్టరు పెట్టినా శబ్దం రాలేదని తిరిగి ఇచ్చేసేవాళ్లున్నారు. టీవీ సెట్టింగుల్లో ఆడియో ఔట్‌పుట్‌ను డాల్బీ నుంచి పీసీఎంకు మార్చితే అది పలుకుతుంది.

అమెరికా నుంచి కొడుకో కూతురో తెచ్చే సెట్టుది మరీ ఖరీదైన కథ. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడిది 230. నేరుగా పెడితే ఫ్యూజు పోవడంతో ఆగితే అదృష్టం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తగిలించినా రేడియో మొండికేయవచ్చు. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ బేసి అంకెతో ముగుస్తాయి, 102.7, 102.9 అని. అక్కడి కొన్ని ట్యూనర్లు ఆ మెట్ల మీదే అడుగేస్తాయి. హైదరాబాద్ వివిధభారతి 102.8 వాటికి చేతికందదు.

కొన్ని చిన్నవి

స్పీకరు వైరు మీటరుకు వేలల్లో అమ్మేవాళ్లున్నారు. ఎలక్ట్రికల్ అంగట్లో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అయిదు మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి దాని నిరోధం 0.12 ఓమ్. ఎనిమిది ఓమ్‌ల స్పీకరు ముందు అది లెక్కలోకి రాదు.

ఏ, బీ అని రెండు జతల ప్లగ్గులున్నాయి కదా అని గది నాలుగు మూలలా నాలుగు 8 ఓమ్‌ల బాక్సులు తగిలిస్తే, రెండూ కలిసి మోగేటప్పుడు రిసీవరుకు చానెలుకు 4 ఓమ్‌లే కనబడతాయి. చిత్తూరు ఎండల్లో, పైన గుడ్డ కప్పిన సెట్టుకు అది ప్రాణసంకటం. ఎన్ని ఓమ్‌ల దాకా భరిస్తుందో వెనకే అచ్చేసి ఉంటుంది.

డెబ్బైల నాటి జపాన్ సెట్లు ఇప్పటివాటికన్నా మేలనే నమ్మకం సగమే నిజం. అప్పటి లోహం, అప్పటి నాబులు నిజంగా గట్టివి. కానీ లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వయసుతో ఎండిపోతాయి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో విడిభాగాలు దొరకవచ్చు. చెయ్యితిరిగిన మెకానిక్ దొరకడమే కష్టం.

ఇక గది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1895లో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాట ఒకదాని మీదొకటి పడి అర్థం కాకపోతుంటే, వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు పక్క మందిరం నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కోటీ పెంచుతూ ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలిచాడు. గదుల శబ్దశాస్త్రం అక్కడ మొదలైంది. గ్రానైటు నేల, సిమెంటు గోడలు, గాజు కిటికీలున్న మన ముందుగదికి ఆ పరీక్ష సూటిగా వర్తిస్తుంది. అలాంటి గదిలో చప్పట్లు కొడితే టింగుమంటుంది. ఆ టింగును ఏ రిసీవరూ తీసేయలేదు. నేల మీద మందపాటి జంపఖానా, కిటికీకి బరువైన తెర, వెనక గోడకు పుస్తకాల అల్మరా పెట్టాలి. స్పీకర్లను బీరువా మీంచి దించి చెవుల ఎత్తుకు తేవాలి. గోడకు అడుగు దూరం ఉంచి, వినేవాడూ రెండు స్పీకర్లూ ఒక త్రిభుజం మూడు మూలలయ్యేట్టు కూర్చోవాలి. జంపఖానా వేశాక ఒకసారి, తీసేశాక ఒకసారి అదే కీర్తన పెట్టి చూస్తే తేడా ఇంట్లో సంగీతం పట్టనివాళ్లకు కూడా తెలుస్తుంది.